నిన్నటి జాబితా

“కూర్చుని చేసే ఉద్యోగానికి నడుము నొప్పేంటమ్మా,” అంది అత్తగారు ధనమ్మ. జెరూష మూడు క్యారియర్ల మూతలు బిగించి, కూతురికి జడ వేసి, చెప్పులు వెతుక్కుంటోంది.

“మీ సార్‌కి ఒక సారీ పడేస్తే పోయేదానికి ఎందుకింత సాగదీత?” అన్నాడు భర్త బెన్సన్, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

సారీ ఆమెకి కొత్త కాదు. కూరలో ఉప్పు తగ్గితే సారీ, అత్తగారికి బీపీ పెరిగితే సారీ. పదకొండేళ్లుగా చెప్పీ చెప్పీ, ఏదైనా పాడైతే ముందు తన చేతులే చూసుకోవడం అలవాటైపోయింది. కిందటివారం కూడా అలాగే చూసుకుంది. షూటింగ్ క్రేన్ చివర కెమెరాని తిప్పే యంత్రం వాళ్ల కంపెనీదే. ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోర్ మీద అది ఉన్నట్టుండి గిర్రున తిరిగి, ఆపరేటర్ హనుమంతు భుజం విరగ్గొట్టింది. జూబ్లీహిల్స్ ఆఫీసులో అదే తప్పు మళ్లీ రప్పించి, ప్రోగ్రామ్‌లో తప్పులు వెతికే డీబగ్గర్‌లో చూస్తే, ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందో చూపించే కాల్ స్టాక్‌లో అన్నిటికన్నా పైన జెరూష రాసిన బ్రేకు ఫంక్షన్ ఉంది. “బ్రేకు కోడ్ మీరు రాసిందే కదా,” అన్నాడు మేనేజర్ సుహాస్. ఇంకెవరూ ఏమీ అడగలేదు. రెండు రోజులు ఆమెకి అన్నం సయించలేదు.

ఆ రోజు ఆఫీసుకి వెళ్లాక ప్రోగ్రామ్‌ని కావాలనే వేరేచోట ఆపింది. కాల్ స్టాక్‌లో అదే జాబితా. మరోచోట ఆపింది. అదే. ప్రాసెసర్ ఆ క్షణాన ఏ లైను దగ్గరుందో చెప్పే రిజిస్టర్లు తెరిచి చూస్తే, అది నిజంగా ఉన్న అడ్రసు బ్రేకులో లేనే లేదు. తోటి ఇంజినీరు నిఖిల్ రాసిన మోటారు కోడ్‌లో ఉంది. మధ్యలో యంత్రాన్ని నడిపే బోర్డు తనంతట తాను రీస్టార్ట్ అవుతోంది. అది గమనించని డీబగ్గర్ నిన్నటిదో మొన్నటిదో దాచుకున్న పాత జాబితానే చూపిస్తోంది. సెషన్ మూసేసి, బోర్డుకి కరెంటు తీసి, మళ్లీ కలిపి, తప్పు జరిగేచోట ఆపింది. ఈసారి కొత్త జాబితా వచ్చింది. బ్రేకు ఎక్కడా లేదు. నాలుగుసార్లు చూసి, అడ్రసులన్నీ కాగితం మీద రాసుకుంది.

సుహాస్ కాగితం చదివాడు. “కరెక్టే. బట్, క్లయింట్‌కి మెయిల్ వెళ్లిపోయింది జెరూష గారూ. బ్రేకు అప్‌డేట్ చేశామని చెప్పేశాం. మోటారు సంగతి నిఖిల్ వచ్చేవారం చూస్తాడు.”

“ఈలోపు ఆ స్టూడియోలో మన యంత్రమే ఉన్న మిగతా రెండు క్రేన్లూ?”

“రోజూ ఏమీ అవ్వదు లెండి. మీరు ఫ్యామిలీ మనిషి, అర్థం చేసుకుంటారు.”

ఆమె సీట్లోకి వచ్చి హనుమంతుకి ఫోన్ చేసింది. రహమత్ నగర్‌లో ఇంట్లోనే ఉన్నాడు. తప్పు బ్రేకుది కాదని చెప్పింది.

“ఎవలదైతే ఏంది మేడం, చెయ్యి లేస్తలేదు,” అన్నాడతను మెల్లగా.

“మిగతా రెండు క్రేన్లూ ఆపించండి. అవీ ఇట్లాగే తిరుగుతాయి,” అంది జెరూష.

“నన్ను గేటు లోపలికే రానిస్తలేరు. నా మాట ఎవలింటరు?”

ఆమె బ్యాగు, కాగితం తీసుకుని లేచింది. ఫిల్మ్‌నగర్‌కి ఆటో మాట్లాడుకుంది. తన మాటా ఎవరూ వినరని తెలుసు. రేపు ఈ ఉద్యోగం ఉండదనీ, ఇంట్లో ఏమంటారో కూడా తెలుసు. వినకపోతే, క్రేన్ నడపనివ్వకుండా దాని కింద తనే నిలబడుతుంది.