కదలని బొమ్మ

"గాలి పీల్చుకోండి. ఇక కదలకండి," అని మైకులో చెప్పి అతను మీట నొక్కాడు. అద్దానికి అవతల, యంత్రం గొట్టంలోంచి బయటికి కనబడుతున్న ఎవరివో పాదాలు బుద్ధిగా ఆగిపోయాయి. స్కానింగ్ గదిలో అతని ఉద్యోగమంతా ఆ ఒక్క మాటే. పెళ్ళిలో ఫోటోలవాడు నవ్వమంటాడు, ఇతను కదలొద్దంటాడు, అంతే తేడా. ఎన్ని తలల లోపల చూశాడో లెక్కలేదు గానీ, వీధిలో ఎదురైతే ఒక్క ముఖం గుర్తుపట్టలేడు. బట్టతల, బొద్దు చేతులు, జేబు మీద సిరా మరక. అతను రాని రోజు ఎవరైనా గమనిస్తారా అంటే అనుమానమే.

ఇవాళ మాత్రం అతనికి కాలు నిలవడం లేదు. తర్వాతి వంతు అక్కది.

అక్క బట్టల కార్ఖానాలో కాజాలు కుట్టేది. అమ్మ పోయాక ఆ కాజాల మీదే తమ్ముణ్ణి పెంచింది, చదివించింది. తర్వాత చేతికి వణుకు పట్టుకుంది. మొదట సూదిలోకి దారం ఎక్కలేదు, ఆ తర్వాత గ్లాసు నోటిదాకా రాలేదు. మందులు పనిచేయలేదు. మెదడు లోతుల్లో బఠాణీ గింజంత చోటుంటుందనీ, అక్కడికి సన్నటి తీగ దించి కాస్త కరెంటు ఇస్తే వణుకు ఆగుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ చోటు దొరకాలంటే బొమ్మ స్పష్టంగా రావాలి. చెయ్యి అదిరితే తల అదురుతుంది, తల అదిరితే బొమ్మ అలుక్కుపోతుంది. గుండె బలహీనం గనక మత్తు ఇవ్వరు. ఇప్పటికే ఒకసారి చెడింది. ఇవాళ కూడా చెడితే ఆపరేషన్ మాట మరిచిపోవాల్సిందే.

"చిన్నప్పుడు స్నానం చేయిస్తుంటే చేపపిల్లలా జారిపోయేవాడివి. కదలకురా అని గొంతు చించుకునేదాన్ని," అంది అక్క, బల్ల మీద పడుకుంటూ. "ఇప్పుడు నీ వంతు. ఆ అరువు తీర్చుకో."

"భయంగా ఉందా అక్కా?"

"భయమెందుకు, నువ్వున్నావుగా. చెయ్యి ఆగితే నా సూదిలోకి నేనే దారం ఎక్కించుకుంటాను. అంతకంటే నాకేం వద్దురా."

నాడి చూసే క్లిప్పు ఆమె వేలికి పెట్టాడు. చెయ్యి అదురుతుంటే అతని ముందున్న తెర మీద అంకెలు పిచ్చిగా ఎగిరి, ఊరికే మోగుతుంటుంది. వణుకు ఉన్నవాళ్ళకి ఆ మోత ఆపేయడం ఆ గదిలో మామూలే. ఇవాళా ఆపేశాడు.

మొదటి బొమ్మ అలుక్కుపోయింది. రెండోదీ అంతే. "కదలకక్కా" అన్నకొద్దీ చెయ్యి మరింత అదిరింది. అప్పుడు అతనికి తోచింది, నిద్రలో వణుకు ఉండదు. మైకు దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు.

"కళ్ళు మూసుకో అక్కా. మన పాత గది గుర్తుందా? రేకుల మీద వాన పడుతుంటే దీపం తగ్గించి నా వీపు నిమిరేదానివి. వాన పడుతోంది అక్కా. పడుకో."

యంత్రం టకటకలు నిజంగానే రేకుల మీద చినుకుల్లా వినబడసాగాయి. తెర వెలుగులో గోడలు మెత్తబడ్డాయి. అతని రెప్పలూ బరువెక్కాయి. తడి మట్టి వాసన వచ్చింది. చాప మీద తానున్నాడు, వీపు మీద వణకని చెయ్యి ఒకటి పైకీ కిందికీ తిరుగుతోంది. ఎంతసేపో తెలియలేదు.

అద్దం అవతల చెయ్యి నెమ్మదించింది. ఆగింది. క్లిప్పు అంకెలు పోయి గీతలు వచ్చాయి. వేలి నుంచి జారి ఉంటుంది, ఇప్పుడు లోపలికెళ్తే అక్కకి మెలకువ వస్తుందని అతను కుర్చీ వదల్లేదు. తెర మీద బొమ్మ మెల్లగా విచ్చుకుంది. ఇన్నేళ్ళ సర్వీసులో అంత తేటైన బొమ్మ చూడలేదు. ఆ బఠాణీ గింజంత చోటు అంచులతో సహా కనబడింది. "వచ్చేసిందమ్మా, అద్దంలా వచ్చింది," అని డాక్టరమ్మకి ఫోన్లో సంతోషంగా చెప్పాడు.

బల్ల బయటికి జరిగింది.

"అక్కా, లే. అయిపోయింది."

మళ్ళీ పిలిచాడు. చెయ్యి పట్టుకున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత అది అతని చేతిలో నిమ్మళంగా ఉంది. క్లిప్పు వేలికే ఉంది.

అతను కేకలు పెట్టాడు. డాక్టరమ్మ పరుగున వచ్చి చేయాల్సిందంతా చేసింది. చివరికి తల అడ్డంగా ఊపి అతని భుజం మీద చెయ్యి వేసింది. నేల మీద కూలబడి అతను వెక్కి వెక్కి ఏడ్చాడు.

గుమ్మం బయట, వచ్చీ రాగానే తొడుక్కుని నడిచిపోవడానికి వీలుగా అతను తిప్పి పెట్టిన అక్క చెప్పులు అలాగే ఉన్నాయి.