తెలియక ఇచ్చిన మాట

ఆనాటి సాయంకాలపు నమాజుకు ముందు, దుబాయిలోని ఆ ఇంట అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్ గదిలో వరుసగా కూర్చున్నవారు: మా అన్న సుహైల్, ఆయన ఎడమన నేను, నా తరువాత అన్న కుమారుడు మాయిద్. ఎదురుగా గృహస్థు.

మాయిద్‌కు ఘానిమ్ గారి కుమార్తెను అడగడానికి మేము ఎడారిలోని లీవా నుండి వచ్చాము. మాటలన్నీ ఆడవారి మధ్యనే నడిచాయి కనుక ఘానిమ్‌ను మాలో ఎవరూ చూడలేదు. సూర్యాస్తమయంలోగా వచ్చి అడగకపోతే, మరొక కుటుంబానికి మాట ఇచ్చేస్తానని ఆయన కబురు పంపాడు.

నేను లండనులో చదివినవాడిని. పటం చూసి దారి కనుక్కోవడం నాకు కొత్త కాదు. కాని సముద్రాన్ని పూడ్చి ఖర్జూరపు చెట్టు ఆకారంలో కట్టిన ఆ పేటలో మట్ట అని పిలిచే ఏ వీధి చూసినా అదే గోడ, అదే గేటు, అదే నీరు. చేరుకున్నామని మాయిద్ ఫోను ప్రకటించింది. గృహస్థు తలుపు తీసి, సాదరంగా లోపలికి పిలిచాడు. పేరు అడగలేదు. గడప దాటిన అతిథిని ఎవరివని, ఎందుకు వచ్చావని అడగడం మాలో అవమానం. మీరు ఘానిమేనా అని మేము అడగడం అంతకు మించిన అవమానం.

అయినా నాకేమీ బోధపడలేదు. పెళ్ళికూతురి తండ్రి గడ్డంలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఇలాంటి వేళ వేయవలసిన ధూపం వేయలేదు. కాఫీ తానే పోసి, వానల గురించీ ఒంటెల గురించీ మాట్లాడాడు. మమ్మల్ని పరీక్షిస్తున్నాడో, మర్యాదగా నిరాకరిస్తున్నాడో తేలలేదు. కిటికీలో ఎండ ఎర్రబడుతున్నది.

అన్న ఇక ఆగలేక కాఫీ గిన్నెను తాగకుండా కింద పెట్టాడు. పెద్దవాడు అలా పెట్టాడంటే ఒక కోరిక ఉన్నదని అర్థం. తీరుస్తాననే మాట వినేవరకు దానిని ముట్టడు.

"తాగండి పెద్దాయనా," అన్నాడు గృహస్థు. "మీ పని అయిపోయిందనుకోండి."

అన్న తాగి, మీ అమ్మాయిని మా మాయిద్‌కు ఇమ్మని అడిగాడు.

గృహస్థు మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. "అమ్మాయా? నాకింకా పెళ్ళే కాలేదు పెద్దాయనా."

అతని పేరు హాదిఫ్ అట. ఘానిమ్ గారి ఇల్లు పక్క మట్టలో ఉన్నదట. అన్న కొడుకు వైపు తిరిగాడు. "ఆ ఫోనునే పెళ్ళి చేసుకోరా. నీకు సరిగ్గా సరిపోతుంది."

క్షమాపణ చెప్పి లేచాము. హాదిఫ్ అప్పటికే తలగుడ్డ సర్దుకుంటున్నాడు. పొరపాటు ఎవరిదైనా, మాట తన నోటి నుండి వచ్చిందని చెప్పి, తన కారులో మాకు ముందు దారి తీశాడు.

సూర్యుడు మునగకముందే ఘానిమ్ మజ్లిస్‌లో అన్న అడగవలసినది అడిగాడు. ఘానిమ్ చూపు మాత్రం హాదిఫ్ మీదనే ఉన్నది.

"ఈ పెళ్ళి అవుతుందని వీళ్ళకి నేను మాటిచ్చేశాను బాబాయ్," అన్నాడు హాదిఫ్. "నిలబెడతారో, నన్ను అబద్ధాలకోరుని చేస్తారో మీ ఇష్టం."

"నా కూతురి పెళ్ళికి నువ్వు మాటిచ్చావా?"

"ఎవరి కూతురో అప్పటికి తెలీదు."

ఘానిమ్ ముఖంలో కదిలినది కోపమో నవ్వో నేను పోల్చుకోలేకపోయాను. తరువాత ఆయన మాయిద్‌ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ముక్కూ మొహం తెలీని వాళ్ళకి వీడు సరేనన్నాక, నేను కాదంటే ఈ పేటలో తలెత్తుకు తిరగలేను," అన్నాడు.

కోరిక ఏమిటో తెలియకుండా మాట ఇచ్చి, తెలిసిన తరువాత కూడా దానికి కట్టుబడి, అపరిచితుల పక్షాన నిలిచి అడిగిన హాదిఫ్ బిన్ రాషిద్‌కు మా కుటుంబం యావత్తూ ఋణపడి ఉన్నదని ఇందుమూలంగా అంగీకరిస్తున్నాను.