మిడి వైరు

ఆదివారం ఆరాధన అయ్యాక వైర్లు చుట్టడం బ్లెస్సీ పని. అందరూ గుడి బయట నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే ఆమె వేదిక మీద గొంతుక్కూర్చుని, ఒక్కో వైరునీ అది తిరిగే దారినే గుండ్రంగా చుట్టేది. మోచేతికి బిగించి చుడితే లోపల తీగ తెగుతుందని ఎవరూ చెప్పలేదు. చేతికే తెలిసింది.

"తొందరగా కానియ్యి. చెరువు కాడికెళ్ళాలి," అనేవాడు భర్త నెహెమ్యా.

మండవల్లి పక్కన చేపల చెరువుకు మేత వేయించడం అతని బతుకుతెరువు. గుడిలో కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్ వాయించడం అతని గొప్ప. కీబోర్డు వాయించే మరిది ఉద్యోగానికి తాడేపల్లిగూడెం వెళ్ళిపోయాక కీబోర్డు ముందు బ్లెస్సీ కూర్చుంది. పెదపాడులో తండ్రి మత్తయి హార్మోనియం మీద నేర్చుకున్న వేళ్ళు ఆమెవి. "అందులో నువ్వు వాయించేదేముందిలే, ప్యాడ్ వెనకాల నడవడమేగా," అని అతను ఒప్పుకున్నాడు. అలా నడిపించడానికే ఆ రెంటికీ మధ్య ఒక మిడి వైరు. ప్యాడ్ లోపల క్లాక్ కొట్టుకుంటుంటే ఆ వేగమే వైరు గుండా వచ్చి కీబోర్డు తాళాన్ని తనతో లాక్కుపోతుంది.

చిక్కల్లా పాట దగ్గర. వాళ్ళ ఊరి గుడిలో పాట ఎత్తేది ఆడవాళ్ళు. చాపల మీద కూర్చున్న పెద్దవాళ్ళు చప్పట్లతో మొదలుపెడితే వాయిద్యం వెనక అందుకోవాలి, అది ముందునుంచీ ఉన్న పద్ధతి. నెహెమ్యా మాత్రం ఇంటి దగ్గరే వేగం ఖాయం చేసుకుని వచ్చేవాడు. మూడో చరణానికి పాటది ఒక దారి, ప్యాడ్‌ది ఒక దారి. "ఆడోళ్ళు లాగేత్తన్నారు," అని మైకులోనే అనేసేవాడు. నిరుడు ఏలూరు స్త్రీల కూడికలో పాట సగంలో విరిగిపోతే ఈ ఊరి ఆడవాళ్ళంతా తలలు దించుకుని వేదిక దిగారు. పాట ఎత్తిన అత్తగారు లిడియా ఊరొచ్చేదాకా వ్యాన్‌లో కొంగు మొహం మీద కప్పుకుని కూర్చుంది.

ఈ ఏడు కూడిక ఇంకా వారం ఉందనగా నెహెమ్యా చెప్పాడు. "ఈసారి రికార్డు చేసిన ట్రాక్ పెడతాను. మీరు నోళ్ళు కదపండి, చాలు."

చేదుపరిగె చేపలకు బూడిద రాస్తున్న లిడియా చెయ్యి ఆగింది. "మా అమ్మ కట్టిన పాటకి నేను ఉత్తినే నోరు కదపాలంట్రా?"

"పరువు నిలబడాలిగా అమ్మా."

"మేమే పాడతామండీ," అంది బ్లెస్సీ మెల్లగా.

"పోయినేడు చాల్లేదా?" అని అతను చెరువుకు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఇంట్లో బ్లెస్సీ కీబోర్డు ఒక్కటే ఆన్ చేసి స్టార్ట్ నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. చెడగొట్టానేమో అనుకుంది. దాని తెర మీద ఒక్కో పేజీ తిప్పుకుంటూ పోతే ఒక చోట కనిపించింది, క్లాక్: ఎక్స్‌టర్నల్. ఆ మాట చూడగానే ఇంటర్ ప్రాక్టికల్స్‌కి వచ్చే ఎక్స్‌టర్నల్ సారు గుర్తొచ్చాడు. ఆయన వచ్చేదాకా పిల్లలెవరూ ఏదీ ముట్టుకోకూడదు, ఎండలో నిలబడే ఉండాలి. చెడిపోలేదు ఇది, ఎదురుచూస్తోంది. ఎదురుచూడటం బ్లెస్సీకి కొత్త కాదు. ఆమె అన్నం తినేది అతను చెరువు నుంచి వచ్చాక, తల స్నానం చేసేది అతను వెళ్ళాక, పుట్టింటికి వెళ్ళేది మేత లారీ రాని రోజు చూసుకుని. కాస్త ఆలస్యమైతే "నువ్వు బాగా నిదానం బ్లెస్సీ," అనేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళూ ఆమె దాన్ని నమ్మింది. నిదానమని తనను తనే తిట్టుకుంటూ పరిగెత్తింది. ఎవరి పక్కన పెట్టి చూస్తే తను నిదానమో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు వేలితో ఒక్క మీట నొక్కి ఇంటర్నల్, అంటే సొంత క్లాక్, చేసింది. కీబోర్డు కదిలింది.

ప్యాడ్ కూడా ఆన్ చేసేసరికి రెండూ దేని వేగం దానిదిగా కొట్టుకున్నాయి. వైరు పాతచోటే ఉందని అప్పుడు తట్టింది. కీబోర్డు అవుట్‌లోంచి ప్యాడ్ ఇన్‌లోకి మార్చి, వేగం వైరు నుంచి తీసుకొమ్మని ప్యాడ్‌లోనూ పెట్టింది. ట్యాప్ అని కీబోర్డు మీద రాసున్న మీట మీద నాలుగుసార్లు తట్టింది. ప్యాడ్ ఆ వేగాన్నే అందుకుంది.

"పొయ్యి మీద పులుసు ఇగిరిపోతంది. నువ్వేమో ఇక్కడ టిక్కు టిక్కు," అంటూ లిడియా వచ్చింది.

"అత్తయ్యా, ఒకసారి చప్పట్లు కొట్టండి."

"నేను లాగేత్తానంటగా."

"లాగండి."

లిడియా అనుమానంగానే కొట్టింది. బ్లెస్సీ ఆ చేతులను చూస్తూ తట్టింది. ప్యాడ్ లిడియాతో నడిచింది. లిడియా కావాలనే ఇంకాస్త సాగదీసింది. ప్యాడ్ కూడా సాగింది. ఆమె మొహంలో ఏదో వెలిగింది.

"నువ్వు లేవకు. పులుసు నేను దింపొత్తాను," అంది.

ఏలూరులో హాలు నిండిపోయింది. నెహెమ్యా ట్రాక్ ఉన్న పెన్‌డ్రైవ్ మిక్సర్‌కి పెట్టి ప్యాడ్ ముందు నిలబడ్డాడు. లిడియా మైకు ముందుకెళ్ళి, "ఆ ట్రాక్ తీసెయ్‌రా అబ్బాయ్," అంది. మైకు ఆన్‌లో ఉంది. హాలంతా నవ్వింది. అతను కందిపోయిన మొహంతో పెన్‌డ్రైవ్ పీకేశాడు.

బ్లెస్సీ కీబోర్డును ఇంటర్నల్ చేసి, లేచి వెళ్ళి వైరు మార్చింది. ప్యాడ్ మీద రెండు మీటలు నొక్కింది.

"ఏం చేత్తన్నావే?"

"క్లాక్ మార్చానండి. మీరు స్టార్ట్ నొక్కకండి."

"మరి నేనేం చెయ్యాలి?"

"అత్తయ్య చప్పట్లు వినండి."

లిడియా చేతులెత్తింది. వెనక వరసల్లో ఆడవాళ్ళూ ఎత్తారు. వాళ్ళ నాలుగో చప్పట్టుకు బ్లెస్సీ వేలు నాలుగోసారి తట్టింది. ముట్టుకోకుండానే ప్యాడ్ మోగింది. నెహెమ్యా కర్రలు పట్టుకుని నిలబడిపోయాడు. ఇంకో దారి లేక మెల్లగా దానితో కలిశాడు. మూడో చరణంలో, నిరుడు పాట విరిగిన చోట, పెద్దవాళ్ళు ఊపిరి తీసుకుని స్వరం సాగదీశారు. బ్లెస్సీ మళ్ళీ తట్టింది. తాళం వాళ్ళ కోసం ఆగి, వాళ్ళతో కదిలింది. హాల్లో ముందు కొందరు, తర్వాత అందరూ లేచి అదే చప్పట్లు అందుకున్నారు. పాట చివరిదాకా వెళ్ళింది. అయిపోయాక మొదటి చరణం మళ్ళీ అడిగారు.

బయట వ్యాన్ హారన్ కొడుతోంది. నెహెమ్యా అలవాటుగా, "వైర్లు చుట్టు, తొందరగా," అన్నాడు.

బ్లెస్సీ మిడి వైరు ఒక్కటీ తీసి, గుండ్రంగా చుట్టి, తన హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. "ఇది ఇక నా దగ్గరుంటుందండి. మిగతావి మీరు చుట్టండి," అని నడిచింది.

అతను వంగి ఒక వైరు అందుకుని మోచేతికి బిగించి గబగబా చుట్టబోయాడు.

"అలా కాదురా, తెగుద్ది," అంది లిడియా. "నిదానంగా చుట్టు. వ్యాన్ ఆగుద్దిలే."