మళ్లీ అడగని మాట

ఇంటర్వ్యూ ఇంకా తొమ్మిది రోజులుందనగా మైకు బట్టల సంచీతో పెద్దనాన్న ఇంట్లో దిగింది. పసితనంలో గుక్కపట్టి ఏడిస్తే మూడు వీధులకు వినిపించేదట. అందుకని ఈ పిల్లకు పెద్దనాన్న పెట్టిన ముద్దుపేరు అది. ఇరవై నాలుగేళ్లు వచ్చినా వదల్లేదు. విమానాలను నేల మీద నుంచి రేడియోలో నడిపించే కంట్రోలర్ ఉద్యోగానికి శిక్షణ కోసం మనుషులను ఎంచుకుంటున్నారు. రాతపరీక్ష గట్టెక్కింది, చెవులకూ గొంతుకూ పెట్టిన పరీక్ష గండమూ గడిచింది. ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది.

పెద్దనాన్న ఆ ఉద్యోగం ఇరవై రెండేళ్లు చేసి, ఆరేళ్ల కిందట ఉన్నట్టుండి మానేశాడు. సరుకులు మోసే చిన్న విమానం ఒకటి కొండను గుద్దుకుని కూలిందని, తప్పు పైలట్‌దేనని విచారణలో తేలిందని, అయినా ఈయన మనసు విరిగిపోయిందని చుట్టాలకు తెలుసు. అంతకు మించి ఎవరూ అడగలేదు.

"చదువు సంగతి ఎంతైనా అడుగు తల్లీ," అంది పెద్దమ్మ గుమ్మంలోనే, సంచీ అందుకుంటూ. "ఆ పాత గొడవ మాత్రం ఎత్తకు. ఆయన కంటినిండా నిద్రపోవడం ఈమధ్యే మొదలైంది. నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు, అందుకే చెబుతున్నా."

రోజూ మధ్యాహ్నం భోజనాల బల్ల ఖాళీ కాగానే పాఠం మొదలయ్యేది. మందుసీసాల మూతలు విమానాలు. ఉప్పు డబ్బా కంట్రోలర్ కూర్చునే టవర్. పెద్దనాన్న మూతలను వేలితో నెడుతూ, ఒక్కోదాని ఎత్తూ వేగమూ చెప్పి, మధ్యలో వాటి మీద తువ్వాలు కప్పేసేవాడు.

"ఎర్ర మూత ఎంత ఎత్తులో ఉంది?"

"ఏడు వేల అడుగులు."

"నీలం?"

"ఐదు... ఆగు, దగ్గొస్తోంది."

"నువ్వు దగ్గుతున్నావని విమానాలు ఆగవమ్మా. దగ్గుతూనే చెప్పు."

"పోనీ వాళ్లను కూడా కాసేపు దగ్గమని చెప్పనా?"

ఆయన నవ్వాడు. వంటింట్లోంచి పెద్దమ్మ గరిటె పట్టుకునే వచ్చి తొంగిచూసింది. ఆ ఇంట్లో ఆ నవ్వు వినిపించి చాలాకాలమైందని ఆమె ముఖమే చెప్పింది.

"నువ్వు చెప్పిన మాటను పైలట్ నీకు తిరిగి అప్పజెప్పాలి," అనేవాడు ఆయన. "వాడు సరిగ్గా అప్పజెప్పాడో లేదో నువ్వు వినాలి. చెప్పడం ఎవరైనా చెబుతారు. వినడమే ఉద్యోగం."

ఆరోనాడు మూతలు పక్కన పెట్టి, ఉత్తుత్తి ఇంటర్వ్యూ మొదలుపెట్టాడు. చొక్కా మార్చుకుని, కళ్లజోడు పెట్టుకుని, పరాయివాడిలా ఎదురుగా కూర్చుని "రండి, కూర్చోండి" అన్నాడు. ఈ ఉద్యోగమే ఎందుకు అన్నాడు, ఒత్తిడికి తట్టుకోగలరా అన్నాడు. అన్నిటికీ మైకు టకటకా చెప్పింది.

"మీ పక్క సీటులో మనిషి తప్పు చేసి దాచాడని మీకు తెలిసింది. ఏం చేస్తారు?"

"పై అధికారికి చెప్పేస్తాను సార్. వెంటనే."

"ఆ మనిషి మీకు బాగా కావలసినవాడైతే?"

"సొంత తండ్రయినా సరే సార్."

 పెద్దనాన్న కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "బాగా చెప్పావు" అని లేచి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు పెద్దమ్మ మందుల కొట్టుకు వెళ్లిన వేళ, అడగకుండానే మొదలుపెట్టాడు. గొంతు పాఠం చెప్పే గొంతులాగే ఉంది.

"ఆ రోజు మబ్బు కిందికి దిగి ఉంది. ఆ సరుకుల విమానం పైలట్‌కి ఆరు వేల అడుగుల దగ్గర ఆగమని చెప్పాను. వాడు తిరిగి అప్పజెప్పేటప్పుడు ఇంకో పైలట్ మాట అడ్డుపడింది. టేపులో వింటే ఉత్త గరగరే. విచారణలో నన్నడిగారు, మీకేం వినపడిందని. ఏమీ తెలియలేదండీ అన్నాను. మళ్లీ అడిగి ఉండాల్సింది అని ఒక్క వాక్యం రాసి నన్ను వదిలేశారు. తొందరపడి చెప్పకుండా దిగాడని తప్పంతా వాడి మీద రాశారు."

మైకు కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఇరవై ఏళ్లు ఆ గరగరలో బతికిన చెవులమ్మా ఇవి. నాకు వినపడింది. 'నాలుగు వేలు' అన్నాడు. అక్కడ కొండే ఐదు వేలు."

"మరి ఎందుకు..."

"చేతిలో ఇంకా మూడు విమానాలున్నాయి. వాటికి చెప్పి, ఒక్క నిమిషంలో వీడి సంగతి చూద్దామనుకున్నాను. అంతే. నిద్రపోలేదు, తాగలేదు, ఎవరితోనూ కబుర్లాడలేదు. ఒక్క నిమిషం."

ఆ పైలట్ భార్య బట్టలు కుట్టి బతుకుతోందట. నిజం చెబుదామని ఒకసారి ఆ కొట్టుదాకా వెళ్లాడట. ఆమె తలెత్తి ఏం కావాలండీ అనేసరికి నోరు పెగలక, చేతిసంచీలో ఉన్న చొక్కా ఇచ్చి, చేతులు పొట్టి చేయమని చెప్పి వచ్చేశాడట. తెచ్చుకోవడానికి మళ్లీ వెళ్లలేదట.

"రాసెయ్ పెద్దనాన్నా," అంది మైకు, ఏడుపు ఆపుకుంటూ. "విచారణ ఆఫీసుకి ఉన్నదున్నట్టు రాసెయ్. ఆవిడ మొగుడు తన తప్పుతోనే చచ్చిపోయాడని అనుకుంటూ బతకడం ఏం న్యాయం?"

"రాస్తాను. ముందు నీ ఇంటర్వ్యూ అయిపోనీ. నా పేరు ఇప్పుడు పైకొస్తే నీ మీద నీడ పడుతుంది."

ఆ మాట వినగానే గుండె తేలికపడింది. ఎందుకు తేలికపడిందో ఆలోచించుకోవడానికి మైకుకు ధైర్యం చాలలేదు.

ఇంటర్వ్యూ గదిలో నలుగురున్నారు. ముగ్గురు ప్రశ్నలు వేశారు, మధ్యలో కూర్చున్న నెరిసిన జుట్టాయన కాగితాలు తిరగేస్తూ ఉన్నాడు. గాలి వాలు గురించి అడిగారు, ఒకేసారి రెండు విమానాలు అత్యవసరమంటే ఏది ముందు దింపుతావని అడిగారు. గొంతు వణక్కుండా చెప్పింది. చివరకు నెరిసిన జుట్టాయన తలెత్తాడు.

"ఇంటిపేరు చూసి అనుమానం వచ్చిందమ్మా. అదే ఇంటిపేరుతో ఇక్కడ కంట్రోలర్‌గా చేసినాయన మీకేమవుతారు?"

"మా పెద్దనాన్నగారండి."

"అలాగా! నేనూ ఆయనా ఒకే షిఫ్టులో చేశాం. బంగారంలాంటి మనిషి. ఎవడో పైలట్ ఒళ్లు తెలియకుండా కిందికి దిగి చచ్చాడు, ఆ పాపానికి ఈయన ఉద్యోగం వదులుకున్నాడు. అంతే కదూ?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నలుగురూ ఆమె వంక ఆదరంగా చూస్తున్నారు. అవునో కాదో ఒక్క ముక్క చాలు. తర్వాత చెప్పొచ్చులే, ఇక్కడ చెప్పాల్సింది నేను కాదు కదా అనుకుంది. పెదవులు మాత్రం వాటంతటవే కదిలాయి.

"అవునండి."

మెట్లు దిగింది. వీధి కుళాయి దగ్గర ముఖం కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది. పెద్దనాన్న ఇంటికి వెళ్లాక ఏమడిగారంటే అన్నీ వరసగా చెప్పింది, ఆ ఒక్కటి తప్ప. ఫలితం వచ్చేదాకా తేలు కుట్టిన దొంగలా మూడు వారాలు అక్కడే గడిపింది.

ఎంపికైనట్టు ఉత్తరం వచ్చిన రోజున పెద్దనాన్న అల్మారాలోంచి తెల్లకాగితాలు తీసి బల్ల మీద సర్దుకున్నాడు. కలం మూత తీశాడు. ఆయన ముఖం చాలా రోజులు జ్వరపడి లేచినవాడి ముఖంలా తేటగా ఉంది.

"కూర్చో మైకూ. తప్పులుంటే చెబుదువుగాని."

ఆమె నిలబడే ఉంది.

"పెద్దనాన్నా... శిక్షణ అయ్యేదాకా ఆగుదామా? మొదటి ఏడాది ఎప్పుడైనా తీసేయొచ్చట. ఆ నెరిసిన జుట్టాయన నిన్ను బాగా పొగిడాడు. ఇప్పుడు ఈ ఉత్తరం వెళ్తే... నేనూ అబద్ధం ఆడినట్టవుతుంది."

 ఇంటర్వ్యూ గదిలో ఆమె ఏమందో, ఏమనకుండా వచ్చిందో పెద్దనాన్నకు అర్థమైంది. కలానికి మూత పెట్టాడు. కాగితాల అంచులు సరిచేసి, ఎక్కడివక్కడ పెట్టేశాడు.

"సరేలేమ్మా. నీకెలా మంచిదైతే అలా."

ఆమె వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి దగ్గర పెద్దమ్మ ఉంది. ఆమెకు ఏమీ తెలియదనుకుంది మైకు ఇన్నాళ్లూ. పెద్దమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని, ఆమె తల నిమిరింది.

"మంచిపని చేశావు తల్లీ. ఆ ఉత్తరం రాయకుండా ఆరేళ్లుగా నేను ఆపుతూనే ఉన్నాను. ఇక నా మాట వినడేమోనని భయపడ్డాను."

ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ మైకు నేల చూస్తూ నిలబడింది.

శిక్షణ పద్నాలుగు నెలలు సాగింది. వినడంలో ఆమెను మించినవాళ్లు లేరని పాఠం చెప్పేవాళ్లు మెచ్చుకున్నారు. వారానికోసారి ఇంటికి ఫోన్ చేసేది. పెద్దనాన్న ఆరోగ్యం గురించీ వానల గురించీ రెండు ముక్కలు మాట్లాడి ఫోను పెద్దమ్మకు ఇచ్చేసేవాడు. శిక్షణ ముగిసి ఉద్యోగం ఖాయమైంది. ఇక ఆ ఉత్తరం ఆగడానికి కారణం లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ వారమూ ఆయన వానల గురించే మాట్లాడాడు. ఆమె ఊ కొట్టింది.