చెల్లని వేలు

ఇరవై ఏండ్లు సిమెంటు కలిపి కలిపి ఎల్లప్పన్ వేలిగీతలు అరిగిపోయినాయి. ఫోను ఆయన వేలిని గుర్తుపట్టేది కాదు. పనికాడ తాళం నెంబరు కొట్టి తెరుచుకునేవాడు, ఇంట్లో మాత్రం పెండ్లాం మాదేశ్వరి వేలితో తెరిపించుకునేవాడు.

ఆయన పోయినాక, పొద్దున్నే ఆ ఫోనులో రికార్డయిన ఆయన గొంతు వినందే ఆమె పొయ్యి వెలిగించేది కాదు. చెల్లెలికి జ్వరమని తెలిసి, ఫోనును ఇంట్లో చార్జింగులోనే మరిచి పెరియంపట్టికి పోయింది; మూడు దినాలుండి వచ్చేసరికి అది తెరుచుకోలేదు. తన వేలూ అరిగిందేమోనని సబ్బుతో తోముకుంది, నూనె రాసుకుంది.

"నీ వేలు బాగానే ఉందక్కా," అంది ఫోన్ల అంగడి నివేదిత. "మూడు దినాలు ఎవరూ తెరవకుంటే, దొంగల చేత పడిందేమోనని ఫోనే ఆఫయి మళ్లీ ఆనవుతుంది. ఇంక నెంబరు కొట్టాల్సిందే. ఆ నెంబరు ఎవరికి తెలుసు?"

"ఆయనకే." మాదేశ్వరి బొటనవేలిని కొంగుకు తుడుచుకుంది. "ఆయన వేలు చెల్లనప్పుడు నా వేలు ఇచ్చినాను. ఇప్పుడు నాదీ చెల్లదంటావు."