పూడ్చిన తొర్ర

మా పిన్ని ఏం చేస్తుందని ఎవరడిగినా "ఈగలు తోలుకుంటుంది" అనేవాళ్ళం. పిన్నీ నవ్వేది. ఆవిడ జీవితమంతా వెతికింది నిజంగా ఈగనే. తేనెటీగ వేషం వేసుకుని, కుట్టడం మాత్రం చేతగాక, గాలిలో ఒకేచోట నిలబడే అడవి ఈగ. ముసలి చెట్ల తొర్రల్లో ఆకులు కుళ్ళిన నల్లనీళ్ళే దాని పురిటిల్లు. దాని పిల్ల ఇంకెక్కడా బతకదు. అందుకే ముసలి చెట్లు కొట్టేసిన చోటల్లా అదీ పోయింది.

పిన్ని గది గోడ మీద పెద్ద పటం ఉండేది. ఈగ ఉన్నచోట నల్లచుక్క, పోయినచోట ఉత్త సున్నా. పటం నిండా సున్నాలే. మిగిలింది ఒకే చుక్క, ఊరి చివరి అడవిలో ఒక ముసలి చెట్టు. కళ్ళారా చూడనిదే చుక్క పెట్టే మనిషి కాదు పిన్ని. "ఆ ఒక్కటీ మిగిలితే చాలే నాకు," అనేది.

బాబాయి పళ్ళ డాక్టరు. పిన్ని ఈగపిల్లల సంగతి చెప్పినప్పుడల్లా, రోజంతా పళ్ళు పీకి అలసిపోయి నిద్రలో ఊకొట్టేవాడు. పిన్నికి కంటి ఆపరేషన్ అయి మంచంలో ఉండగా అటవీశాఖ వాళ్ళు కబురు చేశారు. చెట్టు బోలుగా ఉంది, దారిన పోయేవాళ్ళ మీద పడుతుంది, కొట్టేస్తామని. పిన్ని కంగారుపడుతుందని చెప్పకుండా బాబాయే వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి చెట్టును కాపాడాడు.

పూలకాలం రాగానే మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాడు. తొర్ర ఉన్నచోట నున్నటి సిమెంటు.

"పుచ్చంతా గీకి, కడిగి, మందు పూసి నింపించానోయ్! ఇక నీ చెట్టుకు వందేళ్ళు ఢోకా లేదు."

గీకి పారేసిన ఆ బురదలోనే ఈగపిల్లలన్నీ ఉన్నాయి. నా నోరు అసలే మంచిది కాదు. "బాబాయ్, నువ్వసలు..." అని అందుకున్నాను. పిన్ని నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"చాలా బాగా చేశారండీ," అంది. ఆ సిమెంటును అరచేత్తో తడుముతూ ఉండిపోయింది.

"సంతోషం పట్టలేకపోతోంది చూడు మీ పిన్ని," అన్నాడు నాతో.

ఆ పూలకాలమంతా పిన్ని ఆ చెట్టు కిందే కూర్చుంది. వేరే ఈగలు వచ్చాయి. అది రాలేదు. వానలు మొదలయ్యాక చుక్క మీద తెల్లకాగితం అతికించి, సున్నా చుట్టింది. నేను ఏడ్చాను, ఆవిడ ఏడవలేదు.

"బాబాయికి చెప్పెయ్ పిన్నీ."

"చెబితే ఈగ తిరిగొస్తుందటే? ఆయనకు నిద్ర పట్టకపోవడం తప్ప."

మర్నాడు పొద్దున్న బాబాయి కాఫీ గ్లాసుతో ఆ గదిలోకి వెళ్ళాడు.

"ఏమోయ్, మన చుక్క మధ్యలో ఖాళీ వదిలేశావేం? నీ చూపింకా కుదురుకోలేదు సుమీ," అంటూ జేబులోంచి పెన్ను తీశాడు. క్లినిక్కులో లాగే ముందుకు వంగి, అంచు దాటకుండా ఆ సున్నాను నింపేశాడు. ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్ళిపోయాడు.

పిన్ని గుమ్మంలో నిలబడి అంతా చూసింది. నేను విసురుగా కాగితం పీకబోయాను.

"ఉండనీవే," అంది. అప్పుడు ఏడ్చింది.