టిబ్బెట్ గారింట్లో పిల్లి

ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. లంక ఒక్కసారే కాలింది. మిల్టన్ రైస్‌మన్ ఇంటి గుట్టు మాత్రం ప్రతి శనివారం సాయంత్రం, సబ్బు ప్రకటనల మధ్య, అమెరికా అంతా చూసి నవ్వుకునేది.

అది వాళ్ళ పని తీరు. న్యూయార్కులో ‘టిబ్బెట్ గారిల్లు’ అనే టీవీ హాస్య ధారావాహిక రాసేవాళ్ళు నలుగురు, మిల్టన్ అందులో ఒకడు. సోమవారం పొద్దున్నే బల్ల చుట్టూ చేరతారు. వాళ్ళలో పెద్దవాడు గస్ చుట్ట నోట్లో పెట్టుకుని, "ఊ, ఎవరింట్లో ఏం జరిగింది?" అంటాడు. ఎవరి పెళ్ళాం ఏం మాడ్చిందో, ఎవరి అత్తగారు ఎవర్ని బయటపెట్టి గడియేసుకుందో, అన్నీ ఆ బల్ల మీద పడాల్సిందే. అందులో ఒకటి ఆ వారం కథవుతుంది. శనివారానికల్లా రాసి, నటులకు నేర్పి, నేరుగా ప్రసారం చేసేస్తారు. సోమవారానికి మళ్ళీ ఖాళీ బల్ల. వరసగా రెండు మూడు వారాలు కథ లేకుండా చేతులూపుకుంటూ వచ్చినవాడి కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. సిగ్గూ శరం ఉన్నవాడు చేసే ఉద్యోగమేనా అది? కానీ మిల్టన్‌కి చేతనైంది అదొక్కటే.

తన మాడిన బాతు కూర మొదటిసారి టీవీలో చూసినప్పుడు అతని భార్య ఎస్టెల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుణ్ణి వారం రోజులు సోఫా మీద పడుకోబెట్టింది. తర్వాత తర్వాత అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే కాస్త గర్వం కూడా వచ్చింది. పక్కింటి సెల్మాకి టీవీ లేదు. శనివారం రాగానే ఆపిల్ కేకు పట్టుకుని వచ్చేసేది. ఈ వారం కథ ఎవరింటిదో కనిపెట్టడం ఇద్దరికీ ఆట.

ఆ శనివారం మాత్రం వాళ్ళు టీవీ ముందు ఉండకూడదు. "ఈ వారం మరీ చప్పగా ఉంది, చూడకండి, సినిమాకెళ్ళండి" అని మిల్టన్ పొద్దున్నే రెండు టిక్కెట్లు చేతిలో పెట్టాడు. వాన దంచి కొట్టింది. సెల్మాకి మోకాళ్ళు పట్టేశాయి. ఇద్దరూ టీవీ ముందే చతికిలబడ్డారు.

"మీ ఆయన సినిమాకి పంపడమేంటే, ఎప్పుడైనా విన్నామా?" అంది సెల్మా కేకు కోస్తూ.

"ఈమధ్య అన్నీ విననివే. గిన్నెలు కడుగుతున్నాడు. నేను పాడితే చెవులు మూసుకోవట్లేదు. రెండేళ్ళు అడిగినా కొనని నీలం కోటు మొన్న అడక్కుండానే తెచ్చాడు."

"మొగుడు ఉన్నట్టుండి మంచోడైతే జేబులు వెతకాలమ్మాయ్."

"వెతికాను. దగ్గు బిళ్ళలున్నాయి."

ఇద్దరూ పకపకా నవ్వారు. అప్పుడే బొమ్మ వచ్చింది.

తెర మీద క్లెమ్ టిబ్బెట్ ఆఫీసు నుంచి వచ్చి, కోటు విప్పకుండానే గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు. స్టూడియోలో జనం గొల్లుమన్నారు. సెల్మా ఎస్టెల్ తొడ మీద చరిచింది. "నీదే! నీదేనే ఈ వారం! దొంగ సచ్చినోడు, అందుకే సినిమాకి పొమ్మన్నాడు!"

తర్వాత క్లెమ్ భార్య డాటీ గొంతు చించుకుని పాడింది. క్లెమ్ కళ్ళు మూసుకుని తలాడించాడు. తర్వాత కోటొచ్చింది. తెర మీద రంగు తెలియదు కానీ, డాటీ నోరారా చెప్పింది: "నీలం!"

ఎస్టెల్ నవ్వుతూనే ఉంది. డాటీ అటు వెళ్ళగానే క్లెమ్ మిత్రుడు వంటింట్లోకొచ్చాడు. "ఏంట్రా, పెళ్ళానికి బానిసవైపోయావ్?" అన్నాడు. క్లెమ్ అంట్లగుడ్డలో ముక్కు చీదుకుని, "డాక్టరు ఫోన్ చేశాడ్రా. వచ్చే వేసవి చూడదట. దానికి చెప్పొద్దన్నాడు" అన్నాడు.

జనం విరగబడి నవ్వారు. అంట్లగుడ్డతో ముక్కు చీదితే ఎవరైనా నవ్వుతారు.

ఎస్టెల్ చేతిలో పళ్ళెం ఒరిగి కేకు ముక్క ఒళ్ళో పడింది, ఆవిడ చూసుకోలేదు. నెల్లాళ్ళ కింద ఆస్పత్రిలో పొత్తికడుపు కోసి ఏదో గడ్డ తీశారు. చిన్నదేనమ్మా అని డాక్టరు ఆవిడ చెయ్యి తట్టాడు. ఆ తర్వాత మిల్టన్‌ని వరండాలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. డాక్టర్లు మొగుళ్ళతోనే మాట్లాడతారు, ఆడదాన్ని కంగారుపెట్టకూడదంటారు. ఆ తలుపు గురించి ఆవిడ అప్పుడేమీ అనుకోలేదు.

సెల్మా నవ్వు కూడా ఎక్కడిదక్కడే ఆగిపోయింది. "ఛ ఛ! కథ కోసం ఏదో కల్పించుంటారులే."

"వాళ్ళకి కల్పించడం రాదు సెల్మా."

ఇద్దరూ కదల్లేదు. తెర మీద గందరగోళం నడుస్తూనే ఉంది. చివర్లో డాక్టరు ఆయాసపడుతూ వచ్చి, తను పశువుల డాక్టరుననీ, ఫోన్ చేసింది టిబ్బెట్ గారి ముసలి పిల్లి గురించనీ చెప్పాడు. క్లెమ్ ఎగిరి గంతేసి డాటీని ముద్దులతో ముంచెత్తాడు. ఆ వెంటనే కోటు షాపులో తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. చప్పట్లు, ఈలలు, సబ్బు ప్రకటన.

"హమ్మయ్య! చూశావా? పొరపాటే! అంతా పొరపాటే!" అని సెల్మా గుండెల మీద చెయ్యేసుకుంది.

ఎస్టెల్ ఒళ్ళో పడ్డ కేకు ముక్క తీసి పళ్ళెంలో పెట్టింది.

"మాకు పిల్లి లేదు, సెల్మా."

ప్రసారం కాగానే మిల్టన్ స్టూడియో నుంచి ఫోన్ చేసి, ఎక్కడ నవ్వొచ్చిందని అడిగేవాడు. ఎన్నడూ తప్పలేదు. ఆ రోజు ఫోన్ మోగలేదు. సెల్మా కళ్ళు తుడుచుకుంటూ ఇంటికెళ్ళిన కాసేపటికి మిల్టనే వచ్చాడు. వాన నీళ్ళు కారుతున్న టోపీతో, "సినిమా ఎలా ఉంది?" అన్నాడు.

"పిల్లి బాగుంది" అంది ఎస్టెల్.

అతను గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు.

"నా చావు నాకంటే ముందు దేశానికి చెప్పావా? కేకు తింటూ చూశాను మిల్టన్! నవ్వుతూ చూశాను! నీకు మనసెలా ఒప్పింది?"

"నేను చెప్పలేదు, ఎస్టెల్. సోమవారం గస్ నీ దగ్గరేముందని అడిగాడు. నోరు తెరిచేసరికి ఏడుపొచ్చేసింది. డాక్టరు మాటలు వాటంతటవే బయటికొచ్చాయి. నటిస్తున్నాననుకున్నారు. కడుపు పట్టుకుని నవ్వారు. గిన్నెలూ, కోటూ కూడా చెప్పమన్నారు. చెప్పాను."

"నిజమని ఒక్క మాట అనలేకపోయావా?"

"అనేవాణ్ణే. అప్పుడే గస్, ఆ డాక్టరు పొరపాటు పడ్డాడంటే ఎలా ఉంటుంది అన్నాడు." మిల్టన్ టోపీని చేతుల్లో నలిపేస్తున్నాడు. "ఆ చివరి సీను నన్ను రాయమన్నారు. వారమంతా అదే రాశాను. చాలయ్యా, బాగుందయ్యా అన్నా మళ్ళీ రాశాను. పొరపాటమ్మా అని ఆయన చెప్పే ఆ ఒక్క మాట. ఎక్కడో ఒకచోట అది జరగాలనిపించింది."

ఎస్టెల్‌కి అతన్ని కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"నిజంగా వేసవేనా?"

"ఆయన అలాగే అన్నాడు."

మిల్టన్ లేచి, ఏం చెయ్యాలో తోచక, ఈమధ్య అలవాటైనట్టు గిన్నెల వైపు నడిచి పంపు తిప్పాడు. ఎస్టెల్ వెనకే వెళ్ళి పంపు కట్టేసింది.

"గిన్నెల సంగతి తర్వాత. సోమవారం డాక్టరు దగ్గరికి పోదాం. లోపలికి నేను వెళ్తాను. ఆయన నా మొహం చూసి నాతో చెప్పాలి. నువ్వు వరండాలో కూర్చో."

"సోమవారం బల్ల ఉంది..."

"ఈసారి గస్‌ని ఇంకెవరి పెళ్ళాన్నయినా చంపుకోమను. నా దగ్గర ఇంక కథల్లేవు."

అతను టోపీ బల్ల మీద పెట్టి, సరేనన్నట్టు తలాడించాడు. ఆవిడ నీలం కోటు తీసి తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, అతని ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు చెప్పు. వరండాలో ఆయనేమన్నాడో మొదట్నుంచీ చెప్పు. ఒక్క మాట కూడా కల్పించకు" అంది.